చెల్లని మునక

బెస్సరేబియాలో, ద్నీస్టర్ నది పడమటి ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడి యూదుల స్నానాల ఇంట్లో, రాతి గుండంలో రొమ్ములోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు ఖోమా అనే రైతు. ఇంకాసేపట్లో మునిగి లేచి యూదుడవుతాడు. గట్టు మీద సాక్షులు ముగ్గురు: రబ్బీ యోఎల్, స్నానాల ఇల్లు చూసుకునే ముసలి జెలిగ్, కొలిమి దగ్గర్నుంచి ఉన్నపళంగా లేచి వచ్చిన కమ్మరి గెట్సెల్. గెట్సెల్‌కి ఈ పని చూడటం ఇదే మొదలు. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా బిగుసుకుపోయాడు.

"వాణ్ణి వెనక్కి తిరగమనండి."

"ఎందుకు గెట్సెలూ?"

"తిరగమనండి రబ్బీ గారూ. ఆ ఎడమ భుజం చూడాలి నేను."

"భుజంతో మనకేం పని నాయనా? తల వెంట్రుకతో సహా నీళ్ళలోకి పోతే చాలు. జెలిగూ, ఇక మొదలు..."

"జెలిగ్ తాతా, ఆ దీపం ఇలా తే."

"పట్టపగలు దీపమేమిటయ్యా? చమురు ఊరికే వస్తోందా?"

"తే అంటుంటే!"

"ఇదిగో, ఇదిగో. కొట్టేలా ఉన్నావే! ఏదీ... అబ్బో! ఏదో గట్టిగానే కరిచిందిరా అబ్బాయ్ నిన్ను. కుక్కా, తోడేలా?"

"కుక్క కాదు తాతా."

"మరి?"

"మనిషి."

"మనిషే. నాకు తెలుసు తాతా, మనిషే. పైపళ్ళ గాట్లు చూడు, ఎంత లోతుగా దిగాయో. దోపిడీ మూక మా ఊళ్ళో యూదుల ఇళ్ళ మీద పడ్డ రోజున అటక మీద గడ్డిలోంచి చూశాను నేను. మొహం కనబడలేదు, గొర్రెతోలు టోపీ కళ్ళదాకా లాక్కున్నాడు. చొక్కా చిరిగి ఈ భుజం మాత్రం కనబడింది. మా అబ్బాయి కరిచిన పట్టు వదల్లేదు. ఇద్దరు వెనకనుంచి జుట్టు పట్టి లాగితే గాని వదల్లేదు..."

"గెట్సెలూ, ఆ బల్ల మీద కూర్చో."

"లాగాక వీడు గొడ్డలి తిరగేశాడు. నోటి మీద కొట్టాడు రబ్బీ గారూ! ఒక్క దెబ్బకి చచ్చిపోయినా బాగుండేది. చావలేదు. నోరంతా పోయాక కూడా అమ్మా అనబోయాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ."

"చాలు."

"వీడేనా? ఒరే, నువ్వేనా? నీ నోట మన్ను పడ, నోరు విప్పు!"

"నేనేనయ్యా."

"ఏమన్నావ్?"

"అవతలి ఒడ్డున మీ కొలిమి ముందు. మీ అబ్బాయిని నేనే చంపాను."

"విన్నారా? విన్నారా రబ్బీ గారూ, వాడే ఒప్పుకుంటున్నాడు! అదేమిటి, మీరు ఉలిక్కిపడరే? అలా గడ్డం నిమురుకుంటారే? మీకు... మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"నా దగ్గర అక్షరాలు దిద్దడానికి వచ్చిన మొదటి రోజే చెప్పాడు."

"తెలిసి నన్ను పిలిచారా? మూడో మనిషికి జ్వరం, కాస్త వచ్చి నిలబడి పో అని కబురు పెట్టారే!"

"అబద్ధమాడాను. నిజం చెబితే సుత్తి పట్టుకుని వచ్చేవాడివి."

"సుత్తి ఇప్పుడూ ఉంది. మొలలోనే ఉంది."

"అయ్యయ్యో, పవిత్రమైన చోటికి సుత్తులేమిటయ్యా!"

"నువ్వు నోర్మూసుకో తాతా. నీకూ తెలుసా ఈ నాటకం?"

"నాకేం తెలుసు? నీళ్ళు మోస్తానన్నాడు, మోయమన్నాను. సున్తీ చేయించుకుని మూలుగుతుంటే గంజి కాచి పోశాను. నీ కొడుకుని చంపినోడని నాకేమన్నా కలొచ్చిందా? తెలిస్తే ఆ గంజిలో ఏం కలిపేవాణ్ణో!"

"రబ్బీ గారిని తిట్టకండయ్యా. నేనే అడిగాను. మూడో మనిషి మీరైతేనే నీళ్ళలోకి దిగుతానన్నాను."

"నువ్వు నాతో మాట్లాడకు! రబ్బీ గారూ, వీణ్ణి మనలో కలుపుతారా? ఏ మొహంతో? యిత్రో వచ్చాడు, మోషే మావగారు. విగ్రహాలకి మొక్కి మొక్కి వచ్చాడు గాని వాడి చేతికి నెత్తురు లేదు. రాహాబు వచ్చింది, ఒళ్ళమ్ముకుని బతికిన మనిషి, ఒకడి బిడ్డని నరికి రాలేదు. రూతు పరిగె ఏరుకుంటూ వచ్చింది. ఫరో కూతురు మనవాళ్ళ పసివాణ్ణి నీళ్ళలోంచి పైకి తీసింది. అలాంటి వాళ్ళని కలుపుకోండి, నేనే దగ్గరుండి విందు చేస్తాను. వీడెవరి పక్కన కూర్చుంటాడు?"

"నెబూజరదాను పక్కన."

"ఆ పేరెత్తుతారని నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పు, ఎవడు వాడు?"

"నేను చెప్పను."

"నేను చెబుతాను రబ్బీ గారూ. ఈ ముసలాడికి తెలీదనుకున్నారా? గుడి కూలిన రోజు ఉపవాసం ఉండి ఏటా చదువుకునేదేగా. బబులోను సేనాపతి. యెరూషలేము జొరబడ్డాడు. గుడి వాకిట్లో నెత్తురు కుతకుతా ఉడుకుతోంది. ఏమిటిదన్నాడు. బలి పశువుల నెత్తురని మనవాళ్ళు బొంకారు. పశువుల్ని కోయించి పక్కన పోసి చూశాడు, పోలిక లేదు. నిజం చెప్పకపోతే ఇనుప దువ్వెనలతో మీ చర్మం దువ్వుతానన్నాడు. అప్పుడు చెప్పారు, జెకర్యా ప్రవక్త నెత్తురు బాబూ, మాకు బుద్ధి చెప్పాడని మేమే చంపుకున్నాం, అప్పట్నించీ చల్లారదు అని. నేను చల్లారుస్తానన్నాడు. పెద్దల్ని కోశాడు, చల్లారలేదు. పడుచువాళ్ళని కోశాడు, చల్లారలేదు. బడిపిల్లల్ని..."

"చాలు తాతా."

"బడిపిల్లల్ని కూడా కోశాడు. అయినా ఉడుకుతూనే ఉంది. జెకర్యా, జెకర్యా, నీవాళ్ళలో మేలైనవాళ్ళందర్నీ చంపాను, ఇంకా మొత్తం చంపాలా అని అరిచాడు. అప్పుడు ఆగింది."

"ఆగాక ఏమనుకున్నాడు జెలిగూ?"

"ఒక్క ప్రాణం తీసినందుకే వీళ్ళకి ఇంత జరిగితే, ఇన్ని తీసిన నా గతేమిటి అనుకున్నాడు. సైన్యాన్ని వదిలి పారిపోయాడు. ఆస్తి ఇంటివాళ్ళకి రాసిచ్చి మనవాడైపోయాడు."

"మన పెద్దలు వాణ్ణేమన్నారు? రాక్షసుడన్నారా?"

"నిఖార్సైన యూదుడన్నారు. నాకెప్పుడూ మింగుడుపడదు గాని, అన్నారు."

"విన్నావా గెట్సెలూ?"

"విన్నాను. అదే పుటలో కింద ఏముందో మీరు చెప్పరే? నన్ను చెప్పమంటారా? కమ్మరివాడికి చదువేమిటనుకోకండి. ఆ సేనాపతిని పంపిన రాజు నెబుకద్నెజరు మనవల్ని కూడా తన రెక్కల కిందికి తెచ్చుకుందామనుకున్నాడు దేవుడు. దేవదూతలు అడ్డం నిలబడ్డారు. నీ ఇల్లు కాల్చినవాడి వంశాన్నా, అన్నారు. దేవుడంతటివాడు మారు మాట్లాడలేదు. మనవలు రబ్బీ గారూ! ఏ పాపమూ ఎరగని మనవలు! వాళ్ళకే తలుపు మూశారు. మీరు గొడ్డలి పట్టిన చేతికే తలుపు తీస్తున్నారు."

"నేను తియ్యలేదు. ఆ పుటలో అడ్డం నిలబడటానికి దేవదూతలున్నారు. ఈ ఊళ్ళో ఎవరున్నారు? నువ్వున్నావు. అందుకే పిలిచాను. ముగ్గురూ ఒప్పుకోకపోతే ఇది జరగదు. నువ్వు వద్దంటే బట్టలు కట్టుకుని పోతాడు."

"పగవాడు తీర్పుకి కూర్చోకూడదు. అదీ రాసే ఉందిగా?"

"ఉంది. పగ పట్టుకుని కూర్చోకూడదు. వెళ్ళిపోతావో, దించి కూర్చుంటావో నీ ఇష్టం."

"ఎంత తేలిగ్గా అన్నారు! బస్తా దించినట్టు!"

"అయ్యా, ఒక్కమాట. మీకు ఒకటి ఇవ్వాలి. జెలిగ్ తాతా, నా చొక్కా జేబులో గుడ్డ మూట ఉంది. ఆయనకివ్వు."

"ఇదేనా? గింజంత లేదు. ఏమిట్రా ఇది, రాయా?"

"పన్ను ముక్క."

"ఇలా... ఇలా తే తాతా. జాగ్రత్త, కింద పడేస్తావు. ఇలా తే."

"భుజంలో ఉండిపోయిందయ్యా. నాకు తెలీదు. పుండు మానలేదు. మా ఊరి మంత్రగత్తె పసరు పోసింది, తారు కాచి పెట్టింది. చీము కారుతూనే ఉంది. లోపల కుతకుతా ఉడికేది. చివరికి మీవాళ్ళలో ఒక వైద్యుడు కోసి తీశాడు. దీపం దగ్గర పట్టుకుని, మనిషి పన్ను ఇది అన్నాడు. ఎవరిదని అడగలేదు. మాలో ఒంటిముక్క ఏదైనా సరే మట్టికి చేరాలి, ఎవరిదో వాళ్ళ దగ్గరికి చేర్చు అన్నాడు. అంతే అన్నాడు. మీ ఊరు వెళ్ళాను. అందర్నీ ఒకే గోతిలో వేసి సున్నం పోశారట. ఎవరి పక్కన పెట్టను? కమ్మరి నది దాటి పోయాడన్నారు. నేనూ దాటాను."

"ముందుపన్ను ఇది. కొద్దిగా ఎత్తుగా ఉండేది వాడికి. నవ్వితే ముందు అదే కనబడేది."

"గెట్సెలూ, నాయనా..."

"దీన్ని ఎవరూ ముట్టుకోకండి. నేను పోయినప్పుడు నాతో పెట్టండి. అందాకా నా పిడికిట్లో ఉంటుంది. ఒరే, ఒక్కటి చెప్పు. ఎందుకు చంపావు?"

"గుర్రానికి లాడం ఊడింది."

"ఏమిటీ?"

"నా గుర్రానికి లాడం ఊడింది. కొట్టమన్నాను. దొంగల గుర్రాలకి లాడం కొట్టను అన్నాడు మీ అబ్బాయి. మావాళ్ళందరూ పగలబడి నవ్వారు. నన్ను చూసి నవ్వారు."

"అంతేనా?"

"అంతేనయ్యా. ఇంకా పెద్ద కారణం ఏదన్నా ఉంటుందేమోనని నేనూ చాలా వెతుక్కున్నాను. లేదు."

"కొట్టనన్నాడా వాడు? మొహం మీదే?"

"మొహం మీదే అన్నాడు."

"నేనైతే కొట్టేవాణ్ణి. నాలుగు కాళ్ళకీ కొట్టి, సలాం పెట్టి పంపేవాణ్ణి. వెధవ! ఎవరి పోలికొచ్చిందో వాడికి! రబ్బీ గారూ, పోయినేడు మా అమ్మాయికి కొడుకు పుట్టాడు గుర్తుందా? తమ్ముడి పేరు పెట్టవే అన్నాను. దాని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. కుర్రతనంలో అలా ఘోరంగా పోయినవాడి పేరు బిడ్డకి అరిష్టం నాన్నా అంది. ఊరు ఊరంతా దాని పక్షమే. నువ్వూ అన్నావు తాతా."

"అన్నానయ్యా. ఆచారం అది. దీర్ఘాయుష్షుతో పోయినవాళ్ళ పేరే పెడతాం. నేను పుట్టించిందా?"

"వాడి పేరు పిలిచే నోరు లేదు ఈ భూమ్మీద. గోరీ లేదు, రాయి లేదు. ఎక్కడా ఆ మూడక్షరాలు లేవు. వీడికి మాత్రం నీళ్ళలోంచి కొత్త జన్మ!"

"కొత్త జన్మే. అదీ చెబుతాను, విను. లేచాక వాడు అప్పుడే పుట్టిన బిడ్డతో సమానం. నువ్వు ఫలానా పని చేసినవాడివి అని ఒక్కమాట గుర్తుచేస్తే పాపం మనది. నీకు కూడా ఆ హక్కు ఉండదు గెట్సెలూ. ఏమన్నా ఉంటే ఇప్పుడే."

"అంటే వాడి తల ఆ నీళ్ళ పైన ఉన్నంతసేపే నాకు దొరుకుతాడు."

"అంతే."

"అయితే సరే. మునగమనండి."

"ఉంటావా? నిజంగా?"

"మూడో మనిషినేగా. మునగరా. కళ్ళు మూసుకోకు, వెలుగుండగానే మునుగు."

"మునిగాడు, లేచాడు. నా మట్టుకు చెల్లింది!"

"నాకూ చెల్లింది. గెట్సెలూ?"

"చెల్లలేదు. జుట్టు తేలింది. వెంట్రుక తేలితే చెల్లదు. అవునా తాతా?"

"అవుననుకో, నాకేం కనబళ్ళేదే మరి?"

"నీకు గుమ్మమే కనబడదు. మళ్ళీ మునగరా. ఊఁ. చెల్లలేదు. పిడికిలి బిగించాడు, వేళ్ళ సందుల్లోకి నీళ్ళు పోలేదు. మళ్ళీ. ఇప్పుడు చెవి తేలింది. మళ్ళీ."

"గెట్సెలూ, మంచునీళ్ళవి. పెదాలు నల్లబడ్డాయి వాడికి."

"మావాడికి పెదాలే మిగల్లేదు. మళ్ళీ మునగరా. తాతా, మంచు పగలగొట్టే ఆ గెడ ఇలా ఇయ్యి."

"గెడ ఎందుకు?"

"వీడికి మునగడం చాతకావటం లేదు. నేను నేర్పుతాను."

"ఇవ్వకు జెలిగూ! అయ్యో, లాక్కున్నాడు! గెట్సెల్, తియ్యి! మెడ మీద నుంచి గెడ తియ్యి!"

"ఉండనివ్వండి."

"చచ్చిపోతాడు!"

"తెలుసు. చంపడం ఎలా ఉంటుందో నేనూ చూస్తున్నాను."

"బాబోయ్, నీళ్ళు ఎర్రబడ్డాయి! ఇనప మొన మెడలో దిగింది!"

"కొట్టుకోరా! కొట్టుకో! చేతులు ఎత్తవేం? గెడ పట్టుకుని లాగు! మావాడు కొట్టుకున్నాడు, కరిచాడు, రక్కాడు! నువ్వూ కరవరా, కొడకా! కరవరా!"

"గెట్సెల్! నీ కొడుకు మీద ఒట్టు, తియ్యి!"

"ఎందుకు కొట్టుకోడు వీడు? ఎందుకు... ఛీ!"

"వదిలాడు! జెలిగూ, చంకల కింద చెయ్యి వేసి లాగు. తల పక్కకి తిప్పు. వీపు మీద చరువు."

"చరుస్తున్నాగా! కక్కు నాయనా, కక్కు. ఆఁ, వచ్చింది. నీళ్ళూ నెత్తురూ అన్నీ వచ్చాయి. ఊపిరుంది రబ్బీ గారూ. మెడ చీరుకుంది గాని ఊపిరుంది."

"అడగండి వాణ్ణి. ఎందుకు కొట్టుకోలేదో అడగండి."

"మీరు... మీరు ఇంకా చెల్లిందనలేదు కదయ్యా."

"తాతా, ఈసారి వెంట్రుక కూడా తేలలేదు. అవునా?"

"తేలలేదు. కానీ ఒక మాట ఉంది. చెప్పనా? కొట్టవుగా?"

"చెప్పి చావు."

"ఒంటికీ నీళ్ళకీ మధ్య ఏదీ అడ్డం ఉండకూడదు. గెడ ఆనిన చోట నీళ్ళు తగల్లేదుగా? కాబట్టి ఇదీ చెల్లదు."

"గెట్సెలూ, ఏమిటా నవ్వు? నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"నాకేం తెలుసు రబ్బీ గారూ? విన్నారుగా ముసలాడి మాట. నేను చంపినా చెల్లదట!"

"ఇవాళ్టికి చాలు. పొద్దు వాలుతోంది, చీకటి పడ్డాక ఎలాగూ పనికిరాదు. ఖోమా, పైకి రా."

"ఉండనివ్వండి. ఇదిగో, గెడ అవతల పారేశాను. సుత్తి కూడా. ఒరే, నిలబడగలవా? నీ అంతట నువ్వు మునుగు. నేను చూస్తాను. ఈసారి సరిగ్గా చూస్తాను."

"మునిగాడు. ఆఁ, లేచాడు. చెల్లింది."

"చెల్లింది. గెట్సెలూ? లేచాడయ్యా. నీ మాట కోసం చూస్తున్నాడు. గెట్సెలూ?"

"చెల్లింది."

"నాయనా, దేవుడు నిన్ను..."

"దీవెనలు తరవాత. ముందు పేరు పెట్టండి. కొత్తగా పుట్టాడన్నారుగా, పేరుండాలిగా?"

"ఇలా వచ్చినవాళ్ళకి అబ్రాహాము అని పెడుతుంటాం."

"మూడో మనిషి చెప్పకూడదా పేరు?"

"చెప్పకూడదని లేదు. ఏం పేరు?"

"ఆన్షెల్."

"వద్దయ్యా! అది నీ కొడుకు పేరు! అలా పోయినవాడి పేరు పెడితే అరిష్టమని ఇందాకేగా అనుకున్నాం!"

"పసిబిడ్డలకి అరిష్టం తాతా. వీడికేం భయం? ఎవరూ వద్దన్న పేరు, ఎవరూ ఎత్తుకోని పేరు. వీడు మోస్తాడు. నీళ్ళు మోశాడుగా, ఇదీ మోస్తాడు."

"గెట్సెలూ, పాత సంగతి గుర్తుచెయ్యకూడదని చెప్పాను నీకు."

"చెయ్యను. ఈ పన్ను మీద ఒట్టు. ఆ సంగతి వాడి ఎదుట ఒక్క ముక్క ఎత్తను, ఎవరూ ఎత్తనక్కర్లేదు. పేరు పెట్టి పిలవండి, చాలు. శనివారం ప్రార్థనలో తోరా గ్రంథం చదవడానికి ఆ పేరుతో పిలవండి. రొట్టెల కొట్లో పిలవండి, బజార్లో పిలవండి. రేపు పెళ్ళాం వస్తే అదీ పిలుస్తుంది. చచ్చాక రాయి మీద చెక్కించండి. వాడి పేరున ఒక్క రాయైనా ఉంటుంది."

"జీవితమంతా రోజూ వినాలా వాడు? గెడతో చంపినా ఇంతకన్నా నయం!"

"నెబూజరదానుకి మీ పెద్దలు కొత్త పేరేం పెట్టారు రబ్బీ గారూ? పెట్టలేదు. చూశారా, ఆ ఒక్కటీ మరిచిపోయారు. ఊఁ, పిలవండి."

"నువ్వే పిలువు."

"నాకు రాదు. పేరు చెప్పగలిగాను గాని, ఆ పేరుతో మనిషిని పిలిచి ఎన్నాళ్ళైందో. మీరు పిలవండి. నేను వింటాను."

"ఆన్షెల్."

"ఇంకాస్త గట్టిగా."

"ఆన్షెల్!"

"పలకలేడు రబ్బీ గారూ. గోడకి మొహం పెట్టుకుని ఏడుస్తున్నాడు. కాసేపు వదిలెయ్యవయ్యా గెట్సెలూ."

"పలకమనండి. మావాడు ఒక్క పిలుపుకే పలికేవాడు."